లెక్కల్లో సాధారణం... చేలల్లో బెట్ట!

మున్నేరు పరీవాహకంలో మారుతున్న వానల తీరు
సగటు కాదు, వాన కురిసిన రోజులే ముఖ్యం

ముదిగొండ: 2023 జూలై ఆఖరి వారంలో ఖమ్మం వద్ద మున్నేరు నీటిమట్టం 30 అడుగులు దాటింది. ఒడ్డున ఉన్న కాలనీలు నీట మునిగాయి. ఆ వెంటనే వచ్చిన ఆగస్టులో పరిస్థితి తలకిందులైంది. దేశంలో 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అంత పొడిగా గడిచిన ఆగస్టు మరొకటి లేదు. దేశవ్యాప్తంగా ఆ నెల లోటు 36 శాతం. తెలంగాణలోనూ వరుణుడు ముఖం చాటేశాడు. వరదను తట్టుకుని నిలిచిన మెట్ట పైర్లు బెట్టకు వాడుముఖం పట్టాయి. సెప్టెంబరు ముగిశాక లెక్క కడితే మాత్రం ఆ సీజన్‌లో రాష్ట్రానికి వర్షపాతం లోటే కనిపించలేదు.

జూలై మిగులు ఆగస్టు లోటును కప్పివేసింది. కాగితం మీద సగటు సరిపోయింది. చేలో పైరు మాత్రం రెండుసార్లు దెబ్బతిన్నది. వానలు తగ్గాయా, పెరిగాయా అని రైతులు తరచూ అడుగుతుంటారు. దీర్ఘకాలిక లెక్కలను పరిశీలిస్తే ఆ ప్రశ్నకు ముందు మరో ప్రశ్న వేసుకోవాల్సి ఉంటుంది. కురిసే వాన ఎన్ని రోజుల్లో కురుస్తోంది? రెండు వానల మధ్య ఎడం ఎంత ఉంటోంది? ముదిగొండ వంటి మండలాల్లో పంట భవితవ్యాన్ని తేలుస్తున్నది ఈ రెండే.

'సాధారణం' అంటే ఏమిటి?

వర్షపాతాన్ని రోజూ ఉదయం 8.30 గంటలకు కొలుస్తారు. అప్పటికి గడిచిన 24 గంటల్లో కురిసిన వానను ఆ రోజు ఖాతాలో వేస్తారు. 2.5 మిల్లీమీటర్లు, అంతకుమించి కురిస్తేనే దానిని వాన రోజుగా లెక్కిస్తారు. 64.5 మి.మీ. నుంచి భారీ వర్షం, 115.6 మి.మీ. నుంచి అతి భారీ వర్షం, 204.4 మి.మీ. దాటితే అత్యంత భారీ వర్షం అని భారత వాతావరణ శాఖ వర్గీకరించింది.

ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరం నేల మీద సుమారు 4,047 లీటర్ల నీరు. ఈ లెక్క గుర్తుంచుకుంటే పత్రికల్లో వచ్చే వర్షపాతం అంకెలను పొలానికి అన్వయించుకోవడం తేలిక.

అనేక దశాబ్దాల రికార్డుల సగటునే సాధారణ వర్షపాతం అంటారు. కురిసిన వాన ఈ సగటుకు 19 శాతం అటూ ఇటూ ఉంటే ఆ సీజన్‌ను సాధారణంగానే పరిగణిస్తారు. 20 నుంచి 59 శాతం వరకు తగ్గితే లోటు. 60 శాతం, ఆపైన తగ్గితే తీవ్రమైన లోటు. అంటే 18 శాతం తక్కువ కురిసినా రికార్డుల్లో సాధారణమే. ఆ 18 శాతం లోటు మొత్తం పత్తి కాయ పట్టే రోజుల్లోనో, వరి పొట్ట దశలోనో వచ్చిందా అన్నది ఈ వర్గీకరణకు పట్టదు.

పైగా ఈ కొలబద్ద కూడా స్థిరమైనది కాదు. దేశంలో నైరుతి రుతుపవన కాలపు సగటును 1951-2000 రికార్డుల ఆధారంగా 89 సెంటీమీటర్లుగా లెక్కించేవారు. 1961-2010 రికార్డులను తీసుకుంటే అది 88 సెం.మీ. అయింది. 1971-2020 రికార్డులతో 2022లో దానిని 87 సెం.మీ.కు సవరించారు. సగటు దిగితే ఒకప్పుడు లోటుగా నమోదు కావలసిన ఏడాది సాధారణంగా కనిపించే అవకాశం ఉంది.

జిల్లా మారింది.. సగటూ మారింది

ఉమ్మడి ఖమ్మం జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 1,124 మి.మీ. అనంతపురం జిల్లా సగటు 552 మి.మీ.తో పోలిస్తే ఇది రెట్టింపు. ఇంత వాన కురిసే జిల్లాలో కరువేమిటని బయటివారికి అనిపించవచ్చు.

ఆ సగటులో భద్రాచలం మన్యం వానలు కలిసి ఉండేవి. గోదావరి వెంబడి అడవుల్లో దండిగా కురిసే వాన, పడమటి మెట్ట మండలాల్లో తక్కువగా కురిసే వాన ఒకే అంకెలో కలిసిపోయేవి. ముదిగొండ రైతు చేలో పడని వాన ఆయన జిల్లా లెక్కలో చేరేది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. అడవి ప్రాంతం చాలావరకు అటు వెళ్లడంతో ఖమ్మం జిల్లా సగటు తగ్గింది. ఇది వాన తగ్గడం కాదు, గీత మారడం. ఆనాటి జిల్లా అంకెను నేటి జిల్లా అంకెతో పోల్చి వానలు పడిపోయాయని చెప్పడం పొరపాటు. దీర్ఘకాలిక ధోరణి తెలియాలంటే అదే మండలాన్ని, అదే వర్షమాపకాన్ని కనీసం 30 ఏళ్లపాటు చూడాలి.

రెండు వానల మీద ఆధారం

మున్నేరు కృష్ణానదికి ఉపనది. వరంగల్ ప్రాంతంలోని పాఖాల నుంచి మొదలై మహబూబాబాద్ మీదుగా ప్రవహిస్తుంది. ఖమ్మం సమీపంలోని తీర్థాల వద్ద ఆకేరును కలుపుకొంటుంది. నగరం దాటాక ముదిగొండ మండలంలో గంధసిరి వంటి గ్రామాలను తాకుతూ దిగువకు సాగి, వైరా, కట్టలేరు నీటితో కలిసి కృష్ణలో చేరుతుంది. దీని పరీవాహక ప్రాంతం సుమారు 10,400 చదరపు కిలోమీటర్లు. ఈ నదికి మంచు లేదు, పెద్ద జలాశయం అండ లేదు. పైన వాన పడితే పొంగుతుంది, ఆగితే ఇసుక తేలుతుంది.

ముదిగొండ ప్రాంతంలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు కూడా ఉంది. ఈ నీరు ఇక్కడి వానది కాదు. మహారాష్ట్ర, కర్ణాటకల్లోని పడమటి కనుమల్లో కురిసి, ఆలమట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం దాటుకుని వచ్చేది. అందువల్ల ఇక్కడి రైతు రెండు వానలను నమ్ముకుని బతుకుతున్నాడు. మెట్ట చేనుకు మున్నేరు పరీవాహకంలోని వాన. కాలువ కింది మాగాణికి వందల కిలోమీటర్ల ఆవల కురిసే వాన. ఊళ్లో వానలు దంచికొట్టినా కాలువకు నీరు రాని ఏళ్లున్నాయి. ఊళ్లో చినుకు లేకున్నా కాలువ పారిన ఏళ్లూ ఉన్నాయి.

కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రైబ్యునల్ 1973లో తన నిర్ణయాన్ని ప్రకటించింది. 78 ఏళ్ల ప్రవాహాల లెక్కలు చూసి, 75 శాతం విశ్వసనీయతతో నదిలో 2,060 టీఎంసీలు లభిస్తాయని తేల్చింది. అంటే నూరేళ్లలో 75 ఏళ్లు కనీసం అంత నీరు వస్తుందని. మిగిలిన పాతికేళ్ల సంగతి? ఆ పాతికేళ్లలో కాలువ చివరి భూములకే ముందుగా దెబ్బ తగులుతుంది. 2002 నుంచి 2004 వరకు వరుసగా వచ్చిన కరువు సంవత్సరాల్లో ఇదే జరిగింది. ఎగువన వినియోగం పెరిగిన కొద్దీ, అదే వానకు దిగువకు వచ్చే నీరు తగ్గుతుంది. కాలువ ఎండితే వాన తగ్గిందని మాత్రమే అనుకోరాదు.

శాస్త్రవేత్తలు గమనించిందేమిటి?

మధ్య భారతంలో 1951 నుంచి 2000 వరకు రోజువారీ వర్షపాతాన్ని పరిశీలించిన భారతీయ శాస్త్రవేత్తల బృందం 2006లో కీలకమైన ఫలితాలను ప్రచురించింది. వారు పరిగణించిన ప్రాంతం దక్షిణాన 16.5 డిగ్రీల అక్షాంశం వరకు విస్తరించింది. 17 డిగ్రీలకు కాస్త పైన ఉన్న ఖమ్మం కూడా ఆ పరిధిలోకే వస్తుంది. సీజన్ మొత్తం వర్షపాతంలో చెప్పుకోదగిన మార్పు లేదు. అయితే రోజుకు 100 మి.మీ. మించే కుండపోత వానలు పెరిగాయి. అంతకన్నా తక్కువగా, ఒక మోస్తరుగా కురిసే వానలు తగ్గాయి. ఒకటి పెరిగి మరొకటి తగ్గడంతో మొత్తం సరిపోయింది.

పల్లెల్లో పెద్దలు 'ఇప్పుడు ముసురు పట్టడం లేదు' అంటుంటారు. రోజుల తరబడి తెరిపి లేకుండా సన్నగా కురిసే ఆ ముసురే ఈ లెక్కల్లో తగ్గిన మోస్తరు వాన. పెద్దల మాటకూ పరిశోధనకూ ఇక్కడ పొంతన కుదిరింది.

కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం 1951-2015 మధ్య దేశంలో రుతుపవన వర్షపాతం సుమారు 6 శాతం తగ్గింది. ఈ తగ్గుదల ముఖ్యంగా గంగా మైదానంలో, పడమటి కనుమల్లో కనిపించింది. ఎడమ కాలువను నమ్ముకున్నవారు గమనించవలసిన విషయమిది. మధ్య భారతంలో రోజుకు 150 మి.మీ. దాటిన వానలు 1950-2015 మధ్య సుమారు 75 శాతం పెరిగాయి. దేశంలో వానాకాలపు బెట్ట పరిస్థితులు 1951-80తో పోలిస్తే 1981-2011 మధ్య 27 శాతం అధికమయ్యాయి.

కారణం కొంతవరకు గాలిలోనే ఉంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. కురిసినప్పుడు ఆ నీరంతా ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. మళ్లీ గాలి నిండడానికి సమయం పడుతుంది. ఆ మధ్య కాలమే రైతుకు బెట్ట. దీనికి తోడు పసిఫిక్ మహాసముద్రంలో ఎల్‌నినో ఏర్పడిన ఏళ్లలో రుతుపవనాలు బలహీనపడే ప్రమాదం ఎక్కువ. 2002, 2009, 2015, 2023 అటువంటి ఏళ్లే.

కరువు మండలంలో ఒక్కరోజు 52 సెంటీమీటర్లు

ఈ మార్పుకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కరలేదు. తిరుమలాయపాలెం మండలం తరతరాలుగా మెట్ట ప్రాంతం. పాలేరు జలాశయం నుంచి నీటిని తోడి ఈ ఎగువ భూములకు అందించేందుకే భక్త రామదాసు ఎత్తిపోతల పథకాన్ని నిర్మించారు. సుమారు 60 వేల ఎకరాలను ఉద్దేశించిన ఈ పథకం 2017 జనవరి 31న ప్రారంభమైంది.

అదే మండలంలోని కాకరవాయిలో 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల మధ్య 24 గంటల్లో 52 సెం.మీ.కు పైగా వర్షం నమోదైంది. ఎకరానికి 21 లక్షల లీటర్లు! ఉమ్మడి జిల్లా ఏడాది సగటులో దాదాపు సగం ఒక్క రోజులో కురిసింది. ఆకేరు పొంగింది. మున్నేరు ఖమ్మంలో 36 అడుగులకు చేరింది. అక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక 16 అడుగులకు, రెండోది 24 అడుగులకు జారీ చేస్తారు.

విచిత్రం అంతటితో ముగియలేదు. అదే వరదకు సూర్యాపేట జిల్లా నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. గండి పూడ్చేదాకా దిగువ ఆయకట్టు రైతులు నీటి కోసం ఎదురుచూడవలసి వచ్చింది. ఒకవైపు వరద నష్టం, మరోవైపు సాగునీటికి కటకట. రెండూ ఒకే వాన తెచ్చినవి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఒకటి రెండు వరదలను చూసి దీర్ఘకాలిక ధోరణిని తేల్చకూడదు. గతంలో మండలానికో వర్షమాపకం ఉండేది. నేడు రాష్ట్రంలో వెయ్యికి పైగా స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు ఉన్నాయి. పూర్వం ఏదో ఒక గ్రామంలో కుండపోత కురిసినా దానిని కొలిచే సాధనం అక్కడ ఉండేది కాదు. కనుక నేడు నమోదవుతున్న రికార్డుల్లో కొంత వాన పెరగడం వల్ల, కొంత కొలిచే చోట్లు పెరగడం వల్ల వచ్చినవి. శాస్త్రవేత్తలు పాత వర్షమాపకాలనే ఏళ్ల తరబడి పరిశీలించి చెబుతున్నందువల్లే వారి మాటకు విలువ.

రెండు ఊళ్లు.. ఒకే అంకె

ఉదాహరణకు రెండు ఊళ్లను ఊహించుకుందాం. రెండింటిలోనూ ఒక నెలలో 240 మి.మీ. వాన కురిసింది. మొదటి ఊళ్లో 12 రోజులు, రోజుకు 20 మి.మీ. చొప్పున. రెండో ఊళ్లో రెండే రోజులు, రోజుకు 120 మి.మీ. చొప్పున.

మొదటి ఊళ్లో ఎకరం మీద పడిన ప్రతి వానా సుమారు 81 వేల లీటర్లు. చల్క నేల దానిని చాలావరకు తాగుతుంది. పైరుకు పదును నిలుస్తుంది. బావుల్లో ఊట పెరుగుతుంది. రెండో ఊళ్లో ఎకరం మీద ఒకేసారి దాదాపు 4.86 లక్షల లీటర్లు పడతాయి. నేల తాగగలిగినంత తాగి మిగిలినది వదిలేస్తుంది. పై మట్టి, వేసిన ఎరువు వాగులో కలుస్తాయి. నల్లరేగడి చేలల్లో నీరు నిలిచి పత్తి ఉరకెత్తుతుంది. ఆ తరువాత మిగిలిన 28 రోజులూ ఎండే. నెలాఖరున రెండు ఊళ్ల వర్షపాతం పట్టికలో మాత్రం ఒకే అంకె ఉంటుంది.

విత్తే ముందు చూసుకోవలసింది

ఈ మార్పుకు మొదట బలయ్యేది తొలకరి విత్తనం. మృగశిర కార్తె ప్రవేశించగానే ఒక జల్లు పడితే చాలు, పత్తి గింజ పెట్టడం పరిపాటి. ఆ తరువాత రెండు వారాలు చినుకు లేకపోతే మొలక మాడిపోతుంది. మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ కూలీ ఇవ్వాలి. పంట మొదలు కాకముందే అప్పు రెట్టింపవుతుంది.

వర్షాధారంగా పత్తి వేసేవారు కనీసం 60 నుంచి 75 మి.మీ. వాన కురిసి, నేల బాగా తడిసిన తరువాతే విత్తుకోవాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు సూచిస్తున్నారు. జూలై 20 వరకు పత్తి విత్తుకోవచ్చు. అంటే పునర్వసు కార్తె గడిచేవరకు సమయం ఉన్నట్లే. తొందరపడి మృగశిరలో విత్తి రెండుసార్లు ఖర్చు చేయడం కన్నా, ఆరుద్ర వరకు ఆగి ఒక్కసారి విత్తడం మేలు. పత్తిలో కంది అంతరపంటగా వేస్తే ఒక పైరు బెట్టకు దెబ్బతిన్నా మరొకటి ఆదుకుంటుంది. నల్లరేగడిలో బోదెలు, కాలువలు తీసి విత్తితే కుండపోత వచ్చినప్పుడు నీరు బయటకు పోతుంది, బెట్టలో కాలువలోని తడి పనికొస్తుంది. స్థానిక పరిస్థితులకు తగిన సూచనలకు వైరా కృషి విజ్ఞాన కేంద్రాన్ని, మధిర వ్యవసాయ పరిశోధన స్థానాన్ని సంప్రదించవచ్చు.

కార్తెల లెక్కను కొట్టిపారేయనక్కరలేదు. సూర్యుని గమనాన్ని బట్టి వచ్చే కార్తె దాదాపు 13-14 రోజులు. ఏటా ఇంచుమించు అవే తేదీల్లో వస్తుంది. ఏ కార్తెలో ఎన్ని వాన రోజులు వచ్చాయో ఏటా రాసి పెట్టుకుంటే, నెలవారీ సగటు దాచిపెట్టే బెట్టలు అందులో బయటపడతాయి. వానల ముగింపు కూడా పట్టించుకోవలసిన విషయమే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను, 2025 అక్టోబరు చివర మొంథా తుఫాను కోతకు వచ్చిన వరిని, తీతకు వచ్చిన పత్తిని ముంచాయి.

చెరువు ఉన్నది ఇందుకే

రెండు రోజుల్లో కురిసిన వానను రెండు నెలలు వాడుకోవాలంటే నిల్వ చేయడం ఒక్కటే మార్గం. ఈ సంగతి మన పూర్వికులకు తెలుసు. మున్నేరు మొదలయ్యే చోటే కాకతీయుల కాలపు పాఖాల చెరువు ఉంది. పైచెరువు అలుగు పోస్తే దిగువ చెరువు నిండే గొలుసుకట్టు ఏర్పాటు ఇటువంటి వానల కోసమే.

రాష్ట్రంలో 46 వేలకు పైగా చిన్ననీటి వనరులను పునరుద్ధరించే లక్ష్యంతో మిషన్ కాకతీయ 2015లో మొదలైంది. పూడిక తీసినంత మాత్రాన పని పూర్తి కాదు. కుండపోత వానకు తగిన వెడల్పు అలుగుకు ఉండాలి. వాగు నుంచి చెరువుకు నీరు తెచ్చే కాలువ ఆక్రమణకు గురికాకూడదు. తూము మరమ్మతులో ఉండాలి. కట్ట మీద కంపచెట్లు లేకుండా చూడాలి. 2024 వరదలో అనేక చెరువులకు గండ్లు పడి, యాసంగికి పనికిరావలసిన నీరు ఒక్క రాత్రిలో పోయింది. కట్ట తెగిన చెరువు ఉన్న ఊరు, వరద వచ్చిన ఏడాదే కరువును చూస్తుంది.

కరువు ప్రకటనకూ ఇదే లెక్క

వాన రోజుల లెక్క రైతు హక్కుకు కూడా సంబంధించినది. కేంద్ర ప్రభుత్వం 2016లో విడుదల చేసిన కరువు నిర్వహణ మార్గదర్శకాలు వర్షపాతం లోటుతో పాటు బెట్ట కాలాన్నీ పరిగణనలోకి తీసుకుంటాయి. రుతుపవనాలు రావలసిన తేదీ తరువాత వరుసగా మూడు నాలుగు వారాలు సాధారణంలో సగం కన్నా తక్కువ వాన కురిస్తే దానిని బెట్టగా గుర్తిస్తారు. భూగర్భజలాలు, నేలలో తేమ, సాగు విస్తీర్ణం వంటి ఇతర సూచికలనూ పరిశీలిస్తారు. సీజన్ మొత్తం చూస్తే తమ మండలం సాధారణమే అని సరిపెట్టుకోకుండా, ఏ వారం నుంచి ఏ వారం వరకు వాన లేదో చూపగలిగితే రైతుల వాదనకు బలం చేకూరుతుంది.

అందుకు పెద్ద ఖర్చు అవసరం లేదు. గ్రామ పంచాయతీ వద్ద ఒక వర్షమాపకం, ఒక పుస్తకం చాలు. రోజూ ఉదయం 8.30 గంటలకు చూసి ఆ రోజు అంకె రాయాలి. వాన లేని రోజు కూడా సున్నా అని రాయాలి. బెట్ట ఎంతకాలం సాగిందో చెప్పేది ఆ సున్నాలే. వారం వారం ఆ లెక్కను పంచాయతీ బోర్డు మీద రాస్తే, ఎప్పుడు విత్తాలో, ఎప్పుడు ఆగాలో ఊరంతా కలిసి నిర్ణయించుకోవచ్చు. మండల సగటు ఎంతైనా కావచ్చు. పైరు చూసేది తన చేలో పడిన వాననే.